బొలోన్యాలో మకాం, రోజుకో ఊరు: ఇటలీలో జనం తోసుకోని కళను చూసే పద్ధతి

ఇటలీ వెళ్లొచ్చిన మనవాళ్లను ఎవరినైనా అడగండి. రోమ్‌లో కొలోసియం, పీసాలో టవర్‌ను చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో, ఫ్లోరెన్స్‌లో డేవిడ్ విగ్రహం కోసం క్యూ, వెనిస్‌లో పడవ. వారంలో నాలుగు ఊళ్లు, నాలుగు హోటళ్లు. మొదటిసారి నేనూ అలాగే తిరిగాను. ఇంటికొచ్చాక బొమ్మలకంటే రాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేస్ చక్రాల చప్పుడే ఎక్కువ గుర్తుంది.

రెండోసారి వెళ్లినప్పుడు పద్ధతి మార్చాను. ఒక్క ఊళ్లో గది తీసుకుని, రోజూ పొద్దున్నే రైలెక్కి పక్క ఊరికి వెళ్లి, అక్కడ ఒక్క బొమ్మను తీరిగ్గా చూసి, సాయంత్రానికి తిరిగి గదికి చేరడం. ఈ వ్యాసమంతా ఆ పద్ధతి గురించే. రోమ్, ఫ్లోరెన్స్ చూడొద్దని అనడం లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు వాటికి నాలుగు రోజులు పెట్టుకుని, మిగతా ఐదు రోజులు ఇటు రండి.

ముందుగా మకాం

మకాం బొలోన్యాలో పెట్టండి. ఇటలీ రైళ్లకు బొలోన్యా అంటే మనకు విజయవాడ జంక్షన్ లాంటిది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రైళ్లలో చాలావరకు దీని మీదుగానే పోతాయి. ఫ్లోరెన్స్ నుంచి ఫాస్ట్ రైల్లో నలభై నిమిషాల లోపు, మిలాన్ నుంచి గంటకు కాస్త అటూ ఇటూ, రోమ్ నుంచి రెండు గంటల పైచిలుకు. హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లు దుబాయ్‌లో విమానం మారి బొలోన్యాలోనే దిగొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేషన్‌కు మోనోరైలు ఉంది. ఏడెనిమిది నిమిషాల ప్రయాణానికి టికెట్ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ సామాన్లతో ఉన్నప్పుడు ఆ డబ్బుకు ఏడవకండి.

గది మాత్రం స్టేషన్‌కు, ఊరి నడిమధ్య ఉండే పియాజ్జా మజ్జోరె చౌకుకు మధ్యలో చూసుకోండి. రెండింటి మధ్యా ఇరవై నిమిషాల నడక. ఊరంతా వీధులకు అటూ ఇటూ కప్పున్న వసారాలే. పోర్టికో అంటారు వాటిని. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. వాన పడినా గొడుగు తియ్యకుండా ఊరు సగం చుట్టి రావచ్చు.

ఒక జాగ్రత్త. బొలోన్యాలో పెద్ద ట్రేడ్ ఫెయిర్లు జరుగుతుంటాయి. ఆ వారాల్లో గదుల ధరలు రెట్టింపవుతాయి. తేదీలు ఖాయం చేసుకునే ముందు ఒకసారి ఫెయిర్ క్యాలెండర్ చూడండి. ఏప్రిల్, మే, సెప్టెంబర్ చివర, అక్టోబర్ హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఆ మైదాన ప్రాంతమంతా మన కోస్తాలో లాగే ఉక్కపోత. ఆగస్టు 15 చుట్టుపక్కల వాళ్లకు పండగ సెలవులు కాబట్టి ఊళ్లో సగం షట్టర్లు దించేసి ఉంటాయి.

వీసా సంగతి క్లుప్తంగా: షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఒకే హోటల్ బుకింగ్ ఉంటే ఫైలు కూడా పలచగా, తికమక లేకుండా తయారవుతుంది. ఒకే చోట మకాం పెట్టడం వల్ల ఈ లాభం కూడా ఉంది.

రైలు టికెట్ దగ్గర తప్పు చేయకండి

ఇటలీలో రైళ్లు రెండు రకాలని గుర్తుపెట్టుకుంటే చాలు. ఫాస్ట్ రైళ్లకు విమానం టికెట్‌లాగా ముందు కొంటే చౌక, ఆలస్యమైతే ఖరీదు. రెజియోనాలె అనే ప్యాసింజర్ రైళ్లకు ధర దూరాన్ని బట్టి ఉంటుంది. ఎప్పుడు కొన్నా అంతే, సీటు నంబరు ఉండదు. మనం తిరిగేదంతా ఈ రెండో రకంలోనే. ఫెర్రారా, మోదెనా, రవెన్నా ఏ ఊరికైనా ఒకవైపు టికెట్ పది యూరోల లోపే. ముందురోజు రాత్రి కూర్చుని బుక్ చేయాల్సిన టెన్షన్ లేదు.

టెన్షన్ వేరే చోట ఉంది. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మెషీన్లో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్లో కొంటే ఎక్కే ముందు 'చెక్-ఇన్' నొక్కాలి. డబ్బు కట్టి కొన్న టికెట్ కదా అని ధీమాగా కూర్చున్నానొకసారి. టీసీ ఫోన్ చూసి, నవ్వుతూనే, ఫైన్ రాసి చేతిలో పెట్టింది. టికెట్ ధరకంటే ఫైన్ ఎన్నో రెట్లు. తప్పు నాదే కాబట్టి నోరు మూసుకుని కట్టాను.

బొలోన్యా స్టేషన్‌లో ఇంకో తిరకాసుంది. ఉత్త నంబర్ల ప్లాట్‌ఫారాలు కాకుండా, అదే నంబరుకు పక్కన 'ఓవెస్ట్' అనో 'ఎస్ట్' అనో తగిలించిన ప్లాట్‌ఫారాలు విడిగా ఉంటాయి. ఓవెస్ట్ అంటే పడమర, ఎస్ట్ అంటే తూర్పు. బోర్డు మీద నంబరు ఒక్కటే చూసి పరిగెత్తితే రైలు వెళ్లిపోవడం అటువైపు నుంచి కనిపిస్తుంది. ఫాస్ట్ రైళ్లు చాలావరకు నేల కింద ఉంటాయి, అక్కడికి చేరడానికి పది నిమిషాలు అదనంగా పెట్టుకోండి.

స్టేషన్ బయట గోడ మీద ఒక గడియారం 10:25 దగ్గర ఆగి ఉంటుంది. పాడైందనుకోకండి. 1980 ఆగస్టు 2న వెయిటింగ్ హాల్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. ఆ నిమిషాన్ని అలాగే ఉంచేశారు.

'షోపెరో' అన్న మాట బోర్డుల మీద కనిపిస్తే ఆ రోజు సమ్మె అని అర్థం. ముందే ప్రకటిస్తారు. మామూలు పనిదినాల్లో సమ్మె జరిగినా పొద్దున 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని రైళ్లు తప్పకుండా నడుస్తాయి. ఆ వేళల్లో వెళ్లి వచ్చేట్టు చూసుకుంటే రోజు పాడవదు.

తాళం వేసే వేళలు

ఈ ఒక్క విషయం తెలియక నేను పోగొట్టుకున్నన్ని బొమ్మలు ఇంకే కారణంగానూ పోగొట్టుకోలేదు. చిన్న ఊళ్లలో చర్చిలు మధ్యాహ్నం పన్నెండుకు మూసేస్తారు, మళ్లీ తెరిచేది మూడింటికో మూడున్నరకో. మొదటిసారి ఒక చర్చికి పన్నెండు దాటి ఐదు నిమిషాలకు చేరాను. నా కళ్లముందే ఒక పెద్దాయన తాళంచెవి తిప్పుతున్నాడు. బతిమాలితే వినే రకంలా కనిపించాడు కానీ భోజనం వేళ! నాకు తెలిసిన పది ఇటాలియన్ ముక్కలూ దాని ముందు ఏం పనిచేస్తాయి.

అందుకని చర్చిలన్నీ పొద్దున, మ్యూజియాలు మధ్యాహ్నం. ఆదివారం పొద్దున ప్రార్థనలు ఉంటాయి కాబట్టి చర్చిల్లో తిరగనివ్వరు. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. రవెన్నాలోని మొజాయిక్ చర్చిలు, అంటే గోడల మీద రంగు బిళ్లలు అతికించి బొమ్మలు చేసిన చర్చిలు, మాత్రం సోమవారం కూడా తెరిచే ఉంటాయి. మీ ఐదు రోజుల్లో సోమవారం పడితే దాన్ని కళ్లు మూసుకుని రవెన్నాకు రాసిపెట్టండి, మిగతా ఊళ్లు దాని చుట్టూ సర్దుకుంటాయి.

చర్చిలోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. ఒక చున్నీ సంచిలో ఉంటే చాలు. చాలా చర్చిల్లో బొమ్మల దగ్గర చీకటిగా ఉంటుంది. పక్కన గోడకు ఒక డబ్బా కనిపిస్తుంది, అందులో యాభై సెంట్లో ఒక యూరోనో వేస్తే రెండు మూడు నిమిషాలు లైటు వెలుగుతుంది. చిల్లర జేబులో ఉంచుకోండి. కార్డు గీకే అలవాటులో పడి చిల్లర లేక నిలబడితే, ఎవరో ఒకరు వచ్చి నాణెం వేసేదాకా చీకట్లో ఎదురుచూడాలి. నేను చూశాను అలా.

ఇంకొక్క వస్తువు: చిన్న బైనాక్యులర్స్. లేపాక్షి మండపంలో కప్పు మీది బొమ్మలు చూసి మెడ పట్టేసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఇక్కడా మంచివన్నీ తలపైకెత్తి చూడాల్సిన చోటే ఉంటాయి.

మొదటి రోజు, బొలోన్యా: మట్టి ఏడిస్తే ఎలా ఉంటుందో చూడండి

పియాజ్జా మజ్జోరె పక్కనే కూరగాయలు, చేపలు, చీజ్ అమ్మే సందులున్నాయి. ఆ సందుల్లో, అంగళ్ల మధ్య ఇరుక్కున్నట్టు సాంతా మరియా దెల్లా వీతా అనే చర్చి. ఒకప్పుడు దీన్ని ఆనుకుని ఆసుపత్రి ఉండేది. లోపల ప్రధాన పీఠానికి కుడివైపు వెళ్లండి.

నేల మీద క్రీస్తు శవం. చుట్టూ ఆరుగురు. అన్నీ నిలువెత్తు కాల్చిన మట్టి బొమ్మలు. పదిహేనో శతాబ్దం రెండో సగంలో నిక్కొలో దెల్ ఆర్కా చేశాడు. ఎడమ చివర మోకాళ్ల మీద ఉన్న మనిషి నడుముకు సుత్తీ, పటకారూ దోపుకుని ఉన్నాడు. మేకులు ఊడదీసింది అతనే. అతను శవం వైపు కాకుండా మనవైపు చూస్తుంటాడు. పక్కన ఒకామె రెండు చేతులతో తన తొడలనే గట్టిగా పట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోతోంది. తల్లి చేతులు జోడించి వంగిపోయింది. యువకుడు యోహాను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏడవడం చేతకానివాడిలా నిలబడ్డాడు.

ఇప్పుడు కుడి చివరకు రండి. ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె చేతులు అడ్డం పెట్టి, చూడలేను అన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది. చివరి ఆమె మగ్దలీనా, పరిగెత్తుకుంటూ ఇప్పుడే వచ్చింది. గుడ్డలన్నీ గాలికి వెనక్కి ఎగిరి ఉన్నాయి, నోరు పూర్తిగా తెరుచుకుంది. లోపల నాలుక కనిపిస్తుంది. శోకాలు పెట్టి ఏడవడం మన ఊళ్లలో విన్నవాళ్లకు ఆ నోట్లోంచి వచ్చే శబ్దం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పక్కకు వెళ్లి ఆమెను ఒకవైపు నుంచి చూడండి. ఎదురుగా కంటే పక్కనుంచే ఆ వేగం తెలుస్తుంది.

క్రీస్తు తల కింది దిండును బైనాక్యులర్స్‌తో చూస్తే శిల్పి సంతకం కనిపిస్తుంది, 'అపూలియా వాడైన నిక్కొలో పని' అని లాటిన్‌లో. అపూలియా దక్షిణాన ఇటలీ మడమ దగ్గరి ప్రాంతం. ఇంతకీ 'దెల్ ఆర్కా' అన్నది ఇంటిపేరు కాదు. అదే ఊళ్లో సాన్ దొమెనికో చర్చిలో దొమెనికో అనే సాధువు సమాధిని, అంటే ఆర్కాను, అలంకరించినందుకు వచ్చిన పేరు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే ఆ సమాధి దగ్గరికి చేరతారు.

నిక్కొలో 1494లో చనిపోయేసరికి ఆ సమాధి మీద కొన్ని బొమ్మలు మిగిలిపోయాయి. అదే ఏడాది ఫ్లోరెన్స్‌లో పరిస్థితులు బాగాలేక పారిపోయి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి వాటిని అప్పగించారు. ఆ కుర్రాడు మైకెలాంజెలో. సమాధి ముందు ఇద్దరు దేవదూతలు దీపస్తంభాలు పట్టుకుని మోకరిల్లి ఉంటారు. ఎడమవైపు సన్నగా, సుకుమారంగా ఉన్నది నిక్కొలోది. కుడివైపు బలంగా, కుస్తీ పట్టే కుర్రాడిలా ఉన్నది మైకెలాంజెలోది. రోమ్‌లో ఆయన పని చూడాలంటే వందలమంది భుజాల మీదుగా చూడాలి. ఇక్కడ నేను వెళ్లినప్పుడు నాతో పాటు ఒక ముసలావిడ, ఆవిడ కూరగాయల సంచి.

బొలోన్యాకు ఈ రెండూ చాలు ఆ రోజుకు. ఓపిక మిగిలితే సాన్ పెట్రోనియో చర్చిలో నేల మీద గీసిన 67 మీటర్ల సూర్యరేఖ చూడండి. ఖగోళ శాస్త్రవేత్త కస్సీని 1655లో వేయించాడు. కప్పులో ఉన్న చిన్న రంధ్రం నుంచి వచ్చే వెలుగు చుక్క మిట్టమధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది.

రెండో రోజు, ఫెర్రారా: వరాహమిహిరుడు వచ్చిన గోడ

రైల్లో అరగంట నుంచి ముప్పావుగంట. స్టేషన్ నుంచి స్కిఫనోయా భవనం వరకు అరగంట పైగా నడక. సైకిల్ అద్దెకు తీసుకోండి. ఫెర్రారాలో సైకిల్ తొక్కని మనిషి అరుదు. సూట్లు వేసుకున్న పెద్దవాళ్లు కూడా తొక్కుతుంటారు.

స్కిఫనోయా అన్న పేరుకు 'విసుగు తప్పించుకునే చోటు' అని అర్థం. ఆ ఊరి ప్రభువులైన ఎస్తె వంశం వాళ్లు సరదాకు కట్టుకున్న భవనం. బోర్సో దెస్తె అనే ప్రభువు 1469-70 ప్రాంతంలో ఇక్కడ ఒక పెద్ద హాలు గోడల నిండా పన్నెండు నెలలను ఫ్రెస్కోలుగా, అంటే తడి గార మీద వేసే గోడబొమ్మలుగా, వేయించాడు. తర్వాతి కాలంలో ఇది పొగాకు ఫ్యాక్టరీగా మారింది, బొమ్మల మీద సున్నం కొట్టేశారు. పందొమ్మిదో శతాబ్దంలో గీకి బయటికి తీస్తే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఏడు నెలలే బాగా మిగిలాయి.

చూసే పద్ధతి ఇది. ఒక్కో నెల మూడు పట్టీలుగా ఉంటుంది. పైపట్టీలో రథం మీద రోమన్ దేవత. కింది పట్టీలో బోర్సో గారి దినచర్య: వేట, కొలువు, విదూషకుడికి నాణెం ఇవ్వడం. మధ్యలో ముదురు నీలం మీద రాశి, దాంతో పాటు ముగ్గురు వింత మనుషులు. అందరూ పై రథాలు చూసి ఆహా అంటారు. మీరు మాత్రం తూర్పు గోడ మీద మార్చి నెల దగ్గర మధ్య పట్టీలో ఆగండి. మేషరాశి పొట్టేలు దగ్గర ఒక నల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. చిరిగిన తెల్లబట్టలు, నడుముకు కట్టిన తాడు, ఆ తాడు కొసను చేత్తో పట్టుకుని తీక్షణంగా చూస్తున్నాడు.

ఇతనెవరో నాలుగు వందల ఏళ్లకు పైగా అక్కడ ఎవరికీ తెలియలేదు. 1912లో రోమ్‌లో జరిగిన సభలో ఆబీ వార్‌బుర్గ్ అనే జర్మన్ పండితుడు చెప్పాడు. జ్యోతిషం తెలిసిన ఇళ్లలో పుట్టినవాళ్లకు అది వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఒక్కో రాశిని మూడు భాగాలు చేస్తే వచ్చేవే ద్రేక్కాణాలు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో మేషం మొదటి ద్రేక్కాణాన్ని వర్ణించాడు: నడుముకు తెల్లబట్ట చుట్టుకున్న నల్లటి పురుషుడు, ఎర్రటి కళ్లు, రౌద్రం, ఎత్తిన గండ్రగొడ్డలి. ఆ వర్ణన తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ జ్యోతిష్కుడు అబూ మషర్ గ్రంథంలోకి ఎక్కి, అక్కడి నుంచి లాటిన్‌లోకి దిగి, చివరికి ఫెర్రారా గోడ మీదికి చేరింది. దారిలో ఎక్కడో గొడ్డలి పోయి తాడు మిగిలింది. ఉజ్జయిని నుంచి బయల్దేరిన మనిషి తొమ్మిది వందల ఏళ్లు నడిచి అక్కడ నిలబడ్డాడు. పక్కన స్కూలు పిల్లల గుంపుకు టీచర్ పైనున్న మినర్వా దేవత గురించి చెబుతోంది. నేనొక్కణ్ణే అతని ముందు చాలాసేపు ఉండిపోయాను. పలకరిస్తే తెలుగులో కాకపోయినా ఏదో మన వైపు భాషలో బదులిస్తాడేమో అనిపించింది.

ఈ మార్చి, ఏప్రిల్, మే నెలలు వేసింది ఫ్రాంచెస్కో దెల్ కొస్సా. 1470 మార్చి 25న ఆయన ప్రభువుకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అడుగుకు పది బొలొన్యీని నాణేల లెక్కన అందరికీ ఒకే రేటు ఇస్తున్నారని, తనను ఊళ్లో అధమమైన పనివాడితో సమానంగా చూస్తున్నారని మొరపెట్టుకున్నాడు. జీతం పెరగలేదు. ఆయన సంచి సర్దుకుని బొలోన్యాకు వెళ్లిపోయాడు. అక్కడి పినాకొతేకా మ్యూజియంలో 1474లో ఆయన వేసిన 'వర్తకుల పీఠచిత్రం' ఉంది. సాయంత్రం తిరిగొచ్చాక కానీ మర్నాడు కానీ దాన్ని చూడండి. అప్రైజల్ బాగా రాక కంపెనీ మారినవాడి పని కొత్త చోట ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

మూడో రోజు, రవెన్నా: స్తంభాల మీద చేతులు

ప్యాసింజర్ రైల్లో గంటా పావు. రవెన్నా ఒకప్పుడు పడమటి రోమన్ సామ్రాజ్యానికి ఆఖరి రాజధాని. తర్వాత గోత్‌లనే జర్మానిక్ తెగ రాజు థియోడొరిక్‌కు, ఆ తర్వాత కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) చక్రవర్తి తరఫు వాళ్లకు కేంద్రం. దాదాపు అన్నింటిలోనూ మొజాయిక్‌లున్న, ఐదు, ఆరు శతాబ్దాల ఎనిమిది కట్టడాలు 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఇది అంత అనామకమైన చోటేమీ కాదు, టూరిస్ట్ బస్సులు వస్తాయి. కానీ వాళ్లు రెండు చోట్ల ఆగి వెళ్లిపోతారు.

సాన్ వితాలె, గాల్లా ప్లాచిదియా సమాధి మందిరం, సాంత్ అపొల్లినారె నుఓవో, నెయోన్ జ్ఞానస్నాన మందిరం, బిషప్ మ్యూజియం, ఈ ఐదింటికీ ఒకే ఉమ్మడి టికెట్. గాల్లా ప్లాచిదియాకు టైం స్లాట్ ఎంచుకోవాలి, లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. లోపలికి అడుగు పెట్టగానే చీకటి. కిటికీలకు గాజుకు బదులు పల్చటి అలబాస్టర్ రాతి పలకలు, వాటిలోంచి తేనెరంగు వెలుగు. కళ్లు అలవాటు పడేసరికి నీలం కప్పు మీద వందల బంగారు నక్షత్రాలు ఒక్కొక్కటీ పుట్టుకొస్తాయి. ఉన్న సమయం తక్కువ కాబట్టి ఫోన్ జేబులోనే ఉంచండి. లోపలికి వెళ్లే ముందు బయట నీడలో నిలబడి కళ్లు కాసేపు మూసుకుంటే చీకటి త్వరగా అలవాటవుతుంది.

పక్కనే సాన్ వితాలె, క్రీ.శ. 547లో ప్రారంభించారు. జస్టీనియన్ చక్రవర్తి ఒక గోడ మీద, రాణి థియోడోరా ఎదురు గోడ మీద. ఇద్దరూ జీవితంలో ఈ ఊరికి వచ్చింది లేదు. థియోడోరా ఊదారంగు వస్త్రం అంచును బైనాక్యులర్స్‌తో చూడండి. ముగ్గురు జ్ఞానులు బాలయేసుకు కానుకలు పట్టుకెళుతున్న బొమ్మ ఆ జరీ అంచులో ఉంది. బొమ్మలోని చీర అంచులో ఇంకో బొమ్మ. బంగారు బిళ్లలను గోడకు సమంగా కాకుండా కాస్త అటూ ఇటూ వాల్చి అతికించారు. అందుకే మీరు రెండడుగులు పక్కకు జరిగితే వెలుగు కూడా మీతో పాటు జరుగుతుంది.

బస్సులవాళ్లు ఇక్కడి నుంచి వెనక్కి తిరుగుతారు. మీరు సాంత్ అపొల్లినారె నుఓవోకు నడవండి. థియోడొరిక్ తన కోట పక్కన కట్టించుకున్న చర్చి ఇది. కుడిగోడ మీద, వరుసగా నడిచే అమరవీరుల వెనక, ప్రవేశద్వారం వైపు చివర థియోడొరిక్ రాజభవనం మొజాయిక్ ఉంది. తెల్లటి స్తంభాలు, కమానుల మధ్య ముడి వేసిన తెల్ల తెరలు. చూడ్డానికి ఖాళీ ఇల్లు. ఇప్పుడు స్తంభాలను ఒక్కొక్కటిగా చూస్తూ రండి. ఒక స్తంభం మీద ఒక అరచెయ్యి. ఇంకో దాని మీద వేళ్లు, మణికట్టు. మనిషి లేడు, చెయ్యి ఉంది.

ఒకప్పుడు ఆ కమానుల కింద రాజు, ఆయన కొలువు నిలబడి ఉండేవాళ్లు. గోత్‌లది క్రైస్తవంలోనే వేరే శాఖ, ఆరియస్ అనే పాద్రి పేరు మీద ఆరియన్ శాఖ అంటారు. 540లో ఊరు చక్రవర్తి సేనల చేతికి వచ్చింది, కొన్నేళ్లకు చర్చిని తమ శాఖకు మార్చుకున్నారు. పాత రాజు బొమ్మలు ఉండకూడదని పీకించి ఆ జాగాలో తెరలు అతికించారు. స్తంభాల మీదికి చాచిన చేతులను తీస్తే స్తంభాలు కూడా పాడవుతాయి కాబట్టి వాటిని వదిలేశారో, పనివాళ్లు సాయంత్రమైందని చేతులు దులుపుకున్నారో. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

నాలుగో రోజు, మోదెనా

అరగంట లోపు ప్రయాణం, పూట సరిపోతుంది. చూడాల్సిందంతా చర్చి బయటి గోడల మీదే ఉంది కాబట్టి తాళాల బెడద లేదు. 1099లో మొదలైన ఈ చర్చి ముందుగోడ మీద ఆదాము, అవ్వ, నోవహు ఓడ కథలను నాలుగు రాతి పలకల్లో చెక్కింది విలిజెల్మో. మధ్యయుగపు శిల్పులు చాలామంది పేరు లేకుండానే పోయారు. ఈయన గొప్పతనాన్ని పొగుడుతూ మాత్రం గోడ మీద శాసనమే ఉంది.

గోడ వెంబడే గంటగోపురం వైపు తిరిగి ఉత్తర ద్వారం దగ్గరికి వెళ్లండి. చేపల బజారు ద్వారం అంటారు. కమాను మీద గుర్రాల మీద యోధులు, మధ్యలో కోటలో బందీగా ఒక స్త్రీ. యోధుల తలల మీద పేర్లు చెక్కారు, వాటిలో ఒకటి 'ఆర్తుస్ దె బ్రెతానియా'. ఇంగ్లండ్ కథల్లోని ఆర్థర్ రాజు, పన్నెండో శతాబ్దం మొదట్లోనే ఇటలీలో చేపల బజారు గుమ్మం మీద!

పూట ఇంకా మిగిలితే ఊళ్లో సాన్ జొవాన్ని చర్చిలో గుయిదో మజ్జోని చేసిన మట్టి బొమ్మల శోకం చూడండి. బొలోన్యా వాళ్లు అరిచి ఏడిస్తే, వీళ్లు పక్కింటివాళ్లలా ముడతలు పడ్డ మొహాలతో ఏడుస్తారు.

ఐదో రోజు

ఏమీ పెట్టుకోకండి. బాగా నచ్చినదాన్ని మళ్లీ చూడ్డానికి ఈ రోజు. ఎవరైనా పద్నాలుగో శతాబ్దపు చిత్రకారుడు జొత్తో చిత్రాలు చూసి తీరాలనుకుంటే ఫాస్ట్ రైల్లో గంట దూరంలో పాదువా ఉంది. అక్కడి స్క్రొవేన్యీ చాపెల్‌కు టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. పావుగంట గాలి శుభ్రం చేసే గదిలో కూర్చోబెట్టి, పావుగంట లోపలికి వదులుతారు. టికెట్ దొరక్కపోతే బాధపడకుండా అదే ఊళ్లో ప్రధాన చర్చి పక్కనున్న జ్ఞానస్నాన మందిరానికి వెళ్లండి. జూస్తో దె మెనబువోయి 1370ల్లో గుమ్మటం నిండా సాధువులను వలయాలు వలయాలుగా నింపేశాడు.

తిండి గురించి, ముఖ్యంగా శాకాహారులకు

బొలోన్యా అంటే మాంసం ఊరు. తొర్తెల్లీని అనే చిన్న పాస్తా లోపల పంది మాంసం, కింద మాంసం పులుసు. పేరులో ఒక్క అక్షరం మారితే మాత్రం అది శాకాహారం: తొర్తెల్లోని, కాస్త పెద్దవి, లోపల రికొత్తా చీజ్, ఆకుకూర. 'బుర్రో ఏ సాల్వియా' అని అడిగితే వెన్న, సేజ్ ఆకుతో ఇస్తారు. ఫెర్రారాలో గుమ్మడికాయ కూరిన కప్పెల్లాచ్చి తినండి, మన గుమ్మడికాయ తీపే. మాంసం సాస్‌తో తెస్తారు కాబట్టి ఇదే మాట అక్కడా చెప్పాలి. రవెన్నాలో పియదీనా అంటే మన రొట్టెకు దగ్గరి చుట్టం. పాత పద్ధతిలో పిండిలో పందికొవ్వు కలుపుతారు. 'సెన్జా స్త్రుత్తో' అంటే అది లేకుండా అని. ఆలివ్ నూనెతో చేసినవి చాలాచోట్ల ఉంటాయి. పార్మెజాన్ చీజ్ తయారీలో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

బిల్లులో 'కొపెర్తో' అని తలకు రెండు మూడు యూరోలు కనిపిస్తే మోసం కాదు, కూర్చున్నందుకు చార్జీ. కాఫీ నిలబడి తాగితే చౌక. ఇంటి నుంచి పొడులు, ఊరగాయలు పట్టుకెళ్లొచ్చు కానీ నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. కారం లేనిదే ముద్ద దిగనివాళ్లు హోటల్లో 'ఓలియో పిక్కాంతె' అని అడిగి చూడండి. మిరపకాయలు నానేసిన నూనె సీసా టేబుల్ మీదికి వస్తుంది. ధారాళంగా పోసుకోండి, వాళ్లు చూస్తే చూశారు.